తమిళం వచ్చినట్టే ఇంగ్లీషూ వస్తుందబ్బా!

‘ఇంగ్లిష్ వింగ్లిష్’ చూశారు కదూ? 2012లో వచ్చిన ఆ సినిమాలో, న్యూయార్కు కాఫీ షాపులో కౌంటరు ముందు నిలబడి కాఫీ అడగడానికి నోరు పెగలక శ్రీదేవి వణికిపోతుంది. హాల్లో కొందరు నవ్వారు. ఈ వ్యాసకర్తకు మాత్రం చెమటలు పట్టాయి!

కారణం ఉంది. డిగ్రీ కాగితం చేతబట్టుకుని చెన్నైలో ఓ కంపెనీ ఇంటర్వ్యూకి పోయాను ఒకప్పుడు. నీ గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగారు. పేరు చెప్పాను, ఊరు చెప్పాను. ఆ తర్వాత పైన తిరిగే ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాను… తిరుగు బస్సులో పుత్తూరు దగ్గర పక్క సీటాయన తమిళంలో ఏదో అడిగితే, తమిళంలోనే గలగలా జవాబిచ్చాను. అప్పుడు తట్టింది. ఈ తమిళం నాకెవరు నేర్పారు?

ఎవరూ నేర్పలేదు! పాత చిత్తూరు జిల్లా వాళ్లందరి కథా ఇదే. ఒకపక్క వేలూరు, ఇంకోపక్క కోలారు. కుప్పం సంతలో మూడు భాషల్లో బేరం నడుస్తుంది. అక్కడ ఎవరూ ముందు వ్యాకరణం బట్టీ పట్టి తర్వాత నోరు తెరవలేదు. తమిళం తప్పు మాట్లాడితే ఎదుటివాడు నవ్వుతాడు, మనమూ నవ్వుతాం, పని జరిగిపోతుంది. అదే ఇంగ్లీషులో తప్పొస్తే పరువు పోయినట్టు కుంగిపోతాం. చిక్కంతా అక్కడే ఉంది.

తిరుపతి రైల్వేస్టేషను బయట నాకు తెలిసిన ఆటో అన్న ఒకాయన ఉన్నాడు. బడికి పోయింది తక్కువ. కపిలతీర్థం ఎంత దూరం, అలిపిరికి ఎంతవుతుంది, తిరుచానూరులో ఎంతసేపు ఆగొచ్చు… అన్నీ ఇంగ్లీషులో చెబుతాడు. “ఎట్లా నేర్చుకున్నావన్నా?” అనడిగితే, “నేర్చుకునేదేముంది సామీ! ఎక్కినోళ్లు రోజూ అడిగే మాటలే కదా” అన్నాడు.

ఇంతకన్నా మంచి పాఠం ఏ స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకంలోనూ నాకు దొరకలేదు. మీ పనిలో రోజూ వచ్చే యాభై వాక్యాలు రాసుకోండి. మందుల షాపయితే మందుల షాపు మాటలు, ఇంటర్వ్యూ అయితే ఇంటర్వ్యూ మాటలు. విడి మాటలు కాదు, మొత్తం వాక్యాలే! వాటిని కళ్లతో చదివితే చాలదు, గొంతెత్తి పలకాలి.

సినిమా పిచ్చి ఉన్నవాళ్లకు ఇంకో సులువుంది. డబ్బింగ్ ఆర్టిస్టు చేసే పనే మనమూ చేయడం. ఇంగ్లీషు సినిమాలో రెండు నిమిషాల సీను తీసుకోండి. కింద ఇంగ్లీషు అక్షరాలే పెట్టుకోండి, తెలుగువి వద్దు. ఒక్కో డైలాగు ఆపి, అదే విరుపుతో అనండి. ఫోన్లో రికార్డు చేసి వినండి. మొదటిరోజు మీ గొంతు మీకే నచ్చదు. పర్వాలేదు, పదోరోజుకు ఎక్కడ జారుతున్నారో మీకే తెలుస్తుంది.

జారేది సాధారణంగా రెండుచోట్ల. మన తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది గనక బస్సు, బుక్కు, కారు అని చివర ‘ఉ’ తగిలిస్తాం. ఇంగ్లీషులో దాన్ని కోసెయ్యాలి. రెండోది, మనం అక్షరాలన్నీ ఒకే బరువుతో పలుకుతాం. వాళ్లు ఒకదాన్నే ఒత్తుతారు. ‘ఫొటోగ్రాఫ్’లో మొదటి అక్షరం మీద ఒత్తు. ‘ఫొటాగ్రఫీ’ అనేసరికి అది రెండోదాని మీదికి దూకుతుంది.

తెలుగులో ఆలోచించి మాటకు మాట ఇంగ్లీషు చేసే అలవాటుందే, అదీ మానాలి. “మీరు మీ నాన్నకు ఎన్నో కొడుకు?” అన్నదాన్ని ఇంగ్లీషులో అడిగి చూడండి, తెల్లారిపోతుంది! మీకు అన్నలెందరని తిప్పి అడిగితే సరి.

శ్రీదేవి సంగతే చూడండి. ఆమె తల్లి రాజేశ్వరిది మన తిరుపతే. తెలుగు, తమిళం ఇంటి భాషలు. 1983లో ‘హిమ్మత్‌వాలా’తో హిందీ తెర దద్దరిల్లినా, తర్వాత చాలా సినిమాల్లో ఆమెకు గొంతు అరువిచ్చింది వేరేవాళ్లు. 1986లో ‘ఆఖరీ రాస్తా’కు రేఖ చెప్పారు. 1989లో ‘చాందినీ’కి సొంతగొంతు పెట్టుకుంది. మాట రాని భాషలో నటిస్తూనే భాష నేర్చుకుందన్నమాట! లడ్డూలమ్మే శశి పాత్ర ఆమెకు అంత బాగా అతికిందంటే వింతేముంది?

మొన్న ఆటో అన్న మళ్లీ కలిశాడు. కూతురు మహిళా యూనివర్సిటీలో చేరిందట. “పరీక్షలు బాగా రాస్తాది సామీ, ఇంగ్లీషులో నోరెత్తమంటే మాత్రం ఏడుస్తాది” అన్నాడు దిగులుగా.

“ఆదివారం నీతోపాటు స్టేషను దగ్గరికి తీసుకురా. వచ్చినోళ్లతో ఆ పిల్లనే మాట్లాడనీ” అన్నాను.

“చార్జీ బేరం కూడా తనే ఆడాల్నా?”

“బేరమే ముందు ఆడాల!” అన్నాను.