కొండ ఎక్కే ముందు ఒక్క మాట

చలికాలం మొదలైతే చాలు, మైదాన ప్రాంతాల నుండి అరకు, పాడేరు, లంబసింగి వైపు వాహనాలు బారులు తీరతాయి. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుండి మబ్బుల మధ్య సూర్యోదయం చూడాలని తెల్లవారుజామున నాలుగు గంటలకే చీకట్లో ఎక్కేవారు ఎందరో. కొండ నడక గుండెకు, ఊపిరితిత్తులకు, మనసుకు మంచిదే. మేము మా నర్సింగ్ విద్యార్థినులను తీసుకొని ఆ కొండలు ఎక్కిన వాళ్ళమే. అయితే ఆ నెలల్లో మా క్యాజువాలిటీకి వచ్చే కేసులను చూస్తే, పాఠకులకు నాలుగు మాటలు చెప్పక తప్పదనిపించింది.

ఒకే రోజు ఇద్దరు

ఒక డిసెంబరు ఆదివారం ఇరవై రెండేళ్ళ యువకుణ్ణి తీసుకువచ్చారు. హవాయి చెప్పులతో కొండ ఎక్కాడు. దిగేటప్పుడు మంచుకు తడిసిన బండ మీద జారి మడమ దగ్గర ఎముక విరిగింది. స్నేహితులు మందు రాసి గట్టిగా రుద్ది, ‘ఏం కాదురా’ అంటూ కొంత దూరం నడిపించారు. దానితో వాపు రెట్టింపయింది. ఫోనుకు సిగ్నలు లేదు. చివరకు దగ్గరి ఊరి నుండి నలుగురు మనుషులు కాఫీ పళ్ళు కోయడం మానుకొని వచ్చి, కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకొని రోడ్డుకు చేర్చారు. ఆ రోజు కూలి వాళ్ళకు పోయినట్టే.

అతనికి పిండికట్టు వేస్తుండగానే తొమ్మిదేళ్ళ పాపను ఎత్తుకొని తల్లి వచ్చింది. గెడ్డకు నీళ్ళ కోసం వట్టి కాళ్ళతో వెళ్ళినప్పుడు పగిలిన సీసా పెంకు అరికాల్లో దిగింది. మూడు రోజుల నాటి గాయం, చీము పట్టింది. బొటనవేలిని కదిపే నరం తెగింది. శుభ్రం చేసి, టెటనస్ ఇంజెక్షను ఇచ్చి, ఆపరేషను కోసం పెద్దాసుపత్రికి పంపవలసి వచ్చింది.

“ఏం గుచ్చుకుంది పాపా?” అని ఆ యువకుడు అడిగాడు. “బీరు సీసా” అంది. అతను మరి మాట్లాడలేదు. ఆ సీసా అతనిది కాకపోవచ్చు. కానీ కొండ మీద మన అజాగ్రత్తకు మూల్యం చెల్లించేది మనమొక్కరమే కాదని మాకు ఆ రోజు బాగా అర్థమైంది.

బయలుదేరే ముందు

• మడమను పట్టి ఉంచే, అడుగున గరుకుగా ఉన్న బూట్లు వేసుకోండి. కొత్త బూట్లయితే వారం ముందు నుంచే వాడండి.
• ఎత్తు పెరిగే కొద్దీ చలి పెరుగుతుంది. వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. ఒకటే మందపాటి కోటు కంటే రెండు మూడు పలుచని పొరలు మేలు. చెమటకు తడిసిన బనియను వెంటనే మార్చుకోవాలి.
• కొందరు ‘ఎత్తు ప్రదేశాల మాత్రలు’ ఇమ్మని అడుగుతారు. ఆ జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటితే వస్తుంది. మన తూర్పు కనుమల కొండలు అంత ఎత్తు లేవు. ఇక్కడ ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఎత్తు వల్ల అనుకోవద్దు. వెంటనే ఆగి, వైద్యం పొందాలి.
• బి.పి., షుగరు, ఆస్తమా ఉన్నవారు తమ మందులు వెంట ఉంచుకోవాలి. ఖాళీ కడుపుతో ఎక్కరాదు.
• మనిషికి కనీసం రెండు లీటర్ల నీరు, టార్చి, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, క్రేప్ బ్యాండేజి, విజిలు తీసుకెళ్ళండి. ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లోనో బసలోనో చెప్పండి. ఒంటరిగా వద్దు. దారి తెలిసిన స్థానికుణ్ణి తోడు తీసుకొని, తగిన కూలి ఇవ్వండి.

దారిలో ప్రమాదం జరిగితే

కాలు బెణికినా విరిగినా రుద్దరాదు, లాగరాదు. బూటు లేసులు వదులు చేసి, కర్రలు గానీ చుట్టిన దుప్పటి గానీ ఆనించి కదలకుండా కట్టి, కాలు ఎత్తుగా ఉంచండి. సిగ్నలు దొరికిన చోటు నుండి 108కి ఫోను చేయండి.

పాము కరిస్తే తాడుతో బిగించి కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, ఇవేవీ చేయవద్దు. ఉంగరాలు, పట్టీలు తీసివేసి, కరిచిన అవయవాన్ని కదలనీయకుండా, రోగిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి తేనవసరం లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ పనిచేసే మందు ఒక్కటే. గుడారాల్లో నేల మీద పడుకునేవారు కట్లపాము విషయంలో జాగ్రత్త. నిద్రలో కరిచినా నొప్పి తెలియదు. ఉదయం కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం ఉంటే ఆలస్యం చేయరాదు. గుడారం జిప్పు పూర్తిగా మూసి పడుకోండి.

జలపాతాల దగ్గర నాచు పట్టిన బండలెక్కి ఫొటోలు దిగవద్దు. మీరున్న చోట ఎండ కాస్తున్నా, పైన వాన పడితే గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది.

ఇంటికి వచ్చాక

ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది. దోమ కుట్టిన వారం, రెండు వారాలకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా జ్వరం రావచ్చు. పొదల్లోని చిన్న పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కూడా వస్తుంది. చంకల్లో, గజ్జల్లో నొప్పిలేని నల్లని పొక్కు కనబడవచ్చు. జ్వరం వస్తే ‘కొండ ప్రాంతానికి వెళ్ళివచ్చాను’ అని డాక్టరుకు మీరే చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం కాపాడగలదు. సాయంత్రం నుండి నిండు చేతుల బట్టలు, దోమతెర వాడడం మరువకండి.

కొండ మీద కాపురాలున్నాయి

మనకు అది విహారస్థలం, అక్కడివారికి అది ఇల్లు. చాలా గూడేల వారు ఊట నీరే తాగుతారు. కాబట్టి మలవిసర్జన నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తీసి, మట్టి కప్పాలి. గెడ్డలో సబ్బు వాడరాదు. కాఫీ తోటల్లోకి వెళ్ళి పళ్ళు తెంపరాదు. అవి ఒక కుటుంబం ఏడాది సంపాదన. అడగకుండా మనుషుల ఫొటోలు తీయరాదు. నిప్పు రాజేసి వదలిపెట్టరాదు. సీసాలు అసలు తీసుకెళ్ళకండి. మీరు తెచ్చిన చెత్తను మీ సంచిలోనే తిరిగి తీసుకురండి.

ఆ పాప దాదాపు నెలన్నర బడికి వెళ్ళలేదు. ఇప్పుడు నడుస్తోంది కానీ ఆ వేలు పూర్తిగా లేవదు. ఈ చలికాలం మీరు కొండెక్కి దిగేటప్పుడు, దారిలో ఒక్క సీసా పెంకు కనబడితే జాగ్రత్తగా గుడ్డలో చుట్టి తీసుకురండి. మా డ్రెస్సింగ్ గదికి ఒక బిడ్డ తక్కువగా వస్తుంది.