కారు అప్పు - ఇంటి యజమాని పోయిన పిమ్మట

ఒకప్పుడు మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి వైపు అప్పు అంటే బావి త్రవ్వించుటకో, పిల్ల పెండ్లికో చేసినదే. ఇచ్చినవాడు ఊరివాడే కనుక ఇంటి కష్టసుఖాలు అతనికి తెలిసియుండేవి. ఈ ఇరవై ఏండ్లలో ఆ జాబితాలో కారు అప్పు చేరినది. 2008లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరచిన తరువాత టాక్సీ కొని బ్రతుకు వెళ్ళదీస్తున్న కుర్రవాళ్ళు మన తాలూకాలలో ఎందరో ఉన్నారు. టమాటా, పట్టుగూళ్ళ రాబడి బాగున్న ఏట సంసారానికని కారు కొన్నవారూ ఉన్నారు. అయిదు, ఏడు ఏండ్లు నెలనెలా కంతు కట్టుకొంటూ పోతే కారు మనదవుతుంది. ఆ నడుమ కంతు కట్టే మనిషే కన్నుమూస్తే ఏమవుతుంది?

కర్మాంతరాలు ముగియకముందే ఫోను మ్రోగుతుంది. "అమ్మా, ఈ నెల కంతు రాలేదు" అంటారు. దుఃఖంలో ఉన్న ఇల్లాలు "ఎట్లాగో కట్టేస్తామయ్యా" అనేస్తుంది. మరునాడొకరు వచ్చి కాగితం చాపితే సంతకమూ చేస్తుంది. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

అప్పు మనిషితో పోదు. అయితే అది ఇంట్లో మిగిలినవారి నెత్తికి ఎక్కదు. పోయినవాని ఆస్తిని పట్టుకొని ఉంటుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు 50, 52 సెక్షన్ల ప్రకారం వారసుడు తన చేతికి వచ్చిన మృతుని ఆస్తి ఎంతో అంతవరకే బాధ్యుడు. ఉదాహరణకు, బాకీ 4,80,000 రూపాయలు ఉన్నదనుకొందాం. కారు అమ్మితే 3,90,000 వచ్చినది. లోటు 90,000. పోయినవారి పేర బాంకులో 40,000 తప్ప మరేమీ లేకపోతే, అప్పులవాడు ఆ 40,000 వరకే చెయ్యి చాచగలడు. మిగిలిన 50,000 కోసం భార్య జీతం మీదికి గాని, ఆమె పుట్టింటివారిచ్చిన నగల మీదికి గాని, కొడుకు సంపాదన మీదికి గాని రాలేడు. అదే ఆయన పేర రెండెకరాల పొలం ఉంటే లోటంతా దానినుండి రాబట్టుకొనవచ్చును.

"తండ్రి ఋణం కొడుకు తీర్చవలదా?" అని పెద్దలు అడుగుతారు. ఆ ధర్మం మనకు కొత్త కాదు. మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు కన్నడ దేశపు కల్యాణంలో చాళుక్యుల కాలంవాడు. దానిని పదమూడవ శతాబ్దంలో తిక్కన శిష్యుడైన కేతన విజ్ఞానేశ్వరీయమన్న పేర తెనిగించినాడు. ఆ రోజులలో సయితం తండ్రి త్రాగుడుకు, జూదానికి చేసిన అప్పు కొడుకును అంటదని శాస్త్రం మినహాయించింది. ఇక 2005 సెప్టెంబరు 9 నుండి అమలైన హిందూ వారసత్వ చట్టపు సవరణ, ఆ తరువాత చేసిన అప్పులకు "పుత్రధర్మం" అన్న ఒక్క కారణంతో కొడుకును, మనుమని, మునిమనుమని కోర్టుకు లాగరాదని స్పష్టపరచినది. తండ్రి పేరు నిలబెట్టుటకు మనస్ఫూర్తిగా తీర్చేవాడు తీర్చవచ్చును. అది అతని ఇష్టం. చట్టం మెడమీద కత్తి పెట్టదు.

కాని రెండు సంతకాలు ఈ రక్షణను దాటిపోతాయి. మొదటిది, భార్యయో, కొడుకో సహ ఋణగ్రహీతగా పెట్టినది. చాలినంత రాబడి చూపుటకని భార్య పేరు కలుపుకొనుట మామూలు. అట్టి అప్పు మొదటినుండీ ఆమెదే. రెండవది జామీను సంతకం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం జామీనుదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. బావమరిది మాట కాదనలేక సంతకం పెట్టిన పెద్దమనిషి ఇంటికి బాంకువారు నేరుగా వెళ్ళవచ్చును. అతడు చెల్లించిన మొత్తాన్ని మృతుని ఆస్తినుండి రాబట్టుకొనే హక్కు అతనికి ఉన్నది. కనుక బీరువా తెరచి, అప్పు కాగితాలలో ఎవరి సంతకం ఏ హోదాలో ఉన్నదో చూచేవరకు ఎవరికీ మాట ఇవ్వరాదు. ఫోనులో చెప్పిన మాటకన్న క్రొత్త కాగితంపై చేసిన సంతకం ప్రమాదం. అంతవరకు ఆస్తికే పరిమితమైన బాకీ అప్పటినుండి ఆమె సొంతమవుతుంది.

ఆ బీరువాలోనే ఇంకొకటి వెదకవలెను. అప్పుతోపాటు ఋణరక్షణ బీమా ఏదైనా కట్టించుకొన్నారా? ఉంటే మిగిలిన బాకీని బీమా కంపెనీయే తీర్చవచ్చును. ప్రీమియం అప్పులోనే కలిపి ఉండుటచేత ఇంటివారికి దాని సంగతి తెలియక పోవుట కద్దు. బాంకువారిని వ్రాతపూర్వకంగా అడగవలెను.

కారు నడుపుతూ ప్రమాదంలోనే పోయినవారి విషయం వేరు. కారు యజమానికి మోటారు పాలసీతోపాటు తీసికొనే వ్యక్తిగత ప్రమాద బీమా 2018 నుండి 15 లక్షల రూపాయలు. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండవలెను. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు వగైరా జతచేసి నామినీయో, వారసులో క్లెయిము వేయవలెను. మా అభిప్రాయంలో ఈ ఒక్క సంగతి తెలియక నష్టపోయే కుటుంబాలే ఎక్కువ. కారు పోయిందని ఏడుస్తారు, 15 లక్షలు అడగరు. తప్పు ఎదుటి బండివానిదైతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో పరిహారం అడగవచ్చును. మీరు కాపురమున్న చోటి ట్రిబ్యునలుకే పోవచ్చును. ఆరు నెలలలోగా వేయుట క్షేమం.

ప్రావిడెంటు ఫండు సొమ్ము నామినీకి చేరితే దానిపై అప్పులవారికి హక్కు లేదు. భార్యాబిడ్డల మేలుకై 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం క్రింద వ్రాయించిన జీవిత బీమా కూడా అట్టిదే. "ఎల్‌.ఐ.సి. డబ్బు వచ్చింది కదా, కట్టేయండి" అనేవారికి తొందరపడి తల ఊపవద్దు.

కారు మాట. అప్పు తీరేవరకు అది తాకట్టులో ఉన్నదని ఆర్.సి.లోనే వ్రాసియుంటుంది. యజమాని పోయిన 30 రోజులలోగా ఆర్.టి.ఓ.కు తెలుపవలెను, చింతామణివారికి తమ ఊరిలోనే కచేరీ ఉన్నది, బాగేపల్లివారు చిక్కబళ్ళాపురం రావలెను. మూడు నెలల వరకు ఆ బండిని వాడుకొనవచ్చును. ఆ లోపల 31వ నంబరు ఫారంలో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టుకొనవలెను. దానికి బాంకు సమ్మతి కావలెను. మోటారు పాలసీ కూడా సాధారణంగా మూడు నెలల వరకు, లేదా దాని గడువు తీరేవరకు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. టాక్సీ అయితే పర్మిట్టుకూ అదే లెక్క: 30 రోజులలో తెలిపితే మూడు నెలలు నడుపుకొనవచ్చును. వారసులెవరో చూపుటకు నాడకచేరిలో వంశవృక్షం తీసికొనవలెను. వీలునామా లేనప్పుడు హిందూ కుటుంబాలలో భార్య, కొడుకులు, కూతుళ్ళతోపాటు మృతుని తల్లికీ సమాన భాగం ఉన్నది; ముసలామెను మరచిపోయి కాగితాలు నడిపితే తరువాత తగవు వస్తుంది.

కారు వద్దనుకొంటే అప్పగించవచ్చును. తాళం చేతులు ఇచ్చి ఊరకుండరాదు. తేదీ, కిలోమీటర్లు, బండి స్థితి వ్రాయించుకొని రసీదు తీసికొనవలెను. ఎంతకు అమ్మినారో లెక్క అడగవలెను. బాకీకి మించి వచ్చినది వారసులది. ఎక్కువ పలుకునని తోస్తే బాంకు అనుమతితో మనమే కొనేవానిని వెదకుకొనుట మేలు.

బలవంతం చేసేవారికి జంకనక్కరలేదు. రౌడీలను పంపి బండ్లు లాగుకొనుట తగదని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. 2022 ఆగస్టులో రిజర్వు బాంకు, వసూలుదారులు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 దాటిన తరువాత ఫోను చేయరాదన్నది. ముందు బాంకుకే ఫిర్యాదు వ్రాసి, 30 రోజులలో సరియైన జవాబు రాకపోతే రిజర్వు బాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును, ఖర్చు లేదు. స్త్రీలకు రాబడితో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం కలదు. జిల్లా న్యాయసేవా ప్రాధికారం చిక్కబళ్ళాపురంలో ఉన్నది. బాగేపల్లి, చింతామణివారు తమ తాలూకా కోర్టులోనే విచారించవచ్చును.

చివరి కంతు ఎవరు కట్టినా, బాంకునుండి బాకీ లేదన్న పత్రము, 35వ నంబరు ఫారము తీసికొని ఆర్.టి.ఓ. కచేరీలో తాకట్టు కొట్టివేయించవలెను. 2023 డిసెంబరు 1 నుండి అమలైన రిజర్వు బాంకు ఉత్తరువు ప్రకారం బాకీ తీరిన 30 రోజులలో అసలు పత్రాలు వాపసు చేయవలెను. ఋణగ్రహీత పోయినప్పుడు వారసులకు అప్పగించే పద్ధతిని కూడా ముందుగానే ఏర్పరచి ప్రకటించవలెను. తమ తప్పుచేత ఆలస్యమైతే దినానికి 5,000 రూపాయలు చెల్లించవలసినది బాంకువారే.