కొంచెం తక్కువ మెరుపు

ఈ వేసవి సెలవుల్లో మా బాబాయ్, నేను కలిసి తాతయ్య అంబాసిడర్‌ని బాగుచేసే పనిలో పడ్డాం. బాడీ పని షెడ్డుకి ఇచ్చేసి, బానెట్ కింద ఉండే చిన్న భాగాలు మాత్రం మేమే పెట్టుకున్నాం. ఎయిర్ క్లీనర్ డబ్బా, బ్యాటరీ ట్రే, నాలుగైదు బ్రాకెట్లు. తుప్పు గీకి, ప్రైమర్ కొట్టి, నల్ల రంగు స్ప్రే చేశాం. ఆరాక చూస్తే అద్దంలా నిగనిగలాడుతున్నాయి. మేం తెగ మురిసిపోయాం. తాతయ్య వచ్చి తొంగిచూసి, "బాగానే ఉందిరా, కానీ మన బండిలా లేదు" అని లోపలికి వెళ్లిపోయారు.

బాబాయ్ మొహం మాడిపోయింది. నాకేమో అనుమానం వచ్చింది. ఇంకా రంగు వేయని బ్రాకెట్ ఒకటి మిగిలి ఉంది. దాని క్లాంప్ విప్పి చూశాం. ఎండ, వేడి, ఇంజన్ ఆయిల్ తగలని ఆ కాస్త చోట పాత రంగు అలాగే ఉంది. నల్లగా, నున్నగా ఉంది కానీ అద్దంలా లేదు. ట్యూబ్‌లైట్ కింద పెడితే లైటు అంచులు చెదిరినట్టు మసకగా కనిపించాయి. మేం రంగేసిన డబ్బా మీద అదే లైటు గీత గీసినట్టు కనిపిస్తోంది. తాతయ్య చెప్పింది కరెక్టే. మెరుపు తగ్గించాలి. ఎలా?

అసలు మెరుపు అంటే

రంగు పైపొర మీద కాంతి నిటారుగా పడితే సుమారు 4 శాతం అక్కడి నుంచే వెనక్కి వస్తుంది. మిగతాది లోపలికి వెళ్తుంది, దాన్ని నల్ల పిగ్మెంట్ మింగేస్తుంది. పైపొర నున్నగా ఉంటే ఆ 4 శాతం ఒకే దిక్కుకి పోతుంది, అదే మెరుపు. పైపొర మీద కంటికి కనిపించనంత చిన్న గరుకుతనం ఉంటే అదే కాంతి అన్ని దిక్కులకీ చెదిరిపోతుంది. బ్లెండర్‌లో రఫ్‌నెస్ స్లైడర్ లాగినవాళ్లకి ఇది తెలిసిన విషయమే. స్క్రీన్ మీద ఒక్క సెకను పని, షెడ్డులో మాకు నాలుగు రోజులు పట్టింది!

ఇంకో సంగతి. చెదిరిన కాంతి ఏ వైపు నుంచి చూసినా కొంత మన కంటికి చేరుతుంది. అందుకే పూర్తి మ్యాట్ నలుపు కొంచెం బూడిద రంగు కలిసినట్టు కనిపిస్తుంది. కాబట్టి మెరుపు మొత్తం చంపేయకూడదు, సగంలో ఆపాలి.

మెరుపుని కొలవడానికి గ్లాస్ మీటర్ ఉంటుంది. మామూలుగా 60 డిగ్రీల కోణంలో కొలుస్తారు. పాలిష్ చేసిన నల్ల గాజుకి 100 యూనిట్లు అని పెట్టుకుని, మిగతావన్నీ దాంతో పోలుస్తారు. సెమీ గ్లాస్ అంటే దాదాపు 35 నుంచి 70 మధ్య. మా దగ్గర మీటర్ లేదు, ట్యూబ్‌లైటే మా మీటర్.

మేం చేసిన తప్పులు

మొదట వాటర్ పేపర్‌తో రుద్దాం. 1500 నంబర్, సబ్బు నీళ్లు. డబ్బా మూత మీద బాగానే వచ్చింది. బ్రాకెట్ల దగ్గరే దెబ్బతిన్నాం. మూలల్లోకి పేపర్ వెళ్లక అక్కడ మెరుపు అలాగే ఉండిపోయింది, అంచుల దగ్గర రంగు పోయి ప్రైమర్ బయటపడింది. పైగా ఇలా రుద్ది తెచ్చిన మసక నిలవదు. నాలుగుసార్లు చెయ్యి తగిలి, గుడ్డతో తుడిస్తే మళ్లీ మెరుపు వచ్చేస్తుంది.

తర్వాత బాబాయ్ గన్‌ని దూరంగా పట్టి కొట్టారు. రంగు గాల్లోనే సగం ఆరిపోయి పొడిలా పడింది. మెరుపు తగ్గింది నిజమే, కానీ చేత్తో తాకితే ఇసుక కాగితంలా ఉంది. ఇంజన్ దగ్గర అలాంటి పొర ఉంటే దుమ్ము, జిడ్డు అన్నీ పట్టేస్తాయి.

పనిచేసిన పద్ధతి

రంగులో కలిపే మ్యాటింగ్ ఏజెంట్ దొరుకుతుంది. అందులో ఎక్కువగా ఉండేది సన్నటి సిలికా. రంగు ఆరేటప్పుడు పొర కుంచించుకుపోతుంది, సిలికా రేణువులు పైపొరని సమానంగా గరుకు చేస్తాయి. మూలలైనా అంచులైనా ఒకేలా వస్తుంది. రంగు తయారు చేసినవాళ్లు చెప్పిన ఏజెంటే, వాళ్లు చెప్పిన హద్దులోనే కలపాలి. సిలికా అడుగుకి దిగిపోతుంది కాబట్టి గన్‌లో పోసే ముందు బాగా తిప్పాలి. కోటింగ్ మందంగా పడిన చోట మెరుపు ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే అన్ని చోట్లా ఒకే మందంలో కొట్టాలి.

మూడు పాత డబ్బా మూతలు తీసుకుని మూడు పాళ్లలో కలిపి కొట్టాం. తడిగా ఉన్నప్పుడు అన్నీ మెరుస్తాయి, అప్పుడే చూసి మోసపోవద్దు. రాత్రంతా ఆరనిచ్చి పొద్దున పాత బ్రాకెట్ పక్కన పెడితే రెండో మూత సరిపోయింది. వేసిన రంగుని సమంగా గరుకు చేసి, తుడిచి, ఆ పాళ్లతోనే మళ్లీ కొట్టాం. హార్డెనర్ కలిపే రంగైతే సరైన మాస్క్ లేకుండా గన్ పట్టుకోకండి, అందులోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకి చాలా ప్రమాదం.

ఇలాంటి పొర మీద మైనం, పాలిష్ రుద్దకూడదు. తడి గుడ్డతో తుడిస్తే చాలు.

అన్నీ బిగించాక తాతయ్యని పిలిచాం. ఈసారి ఏమీ అనలేదు. బానెట్ మీదకి వంగి, పాత అలవాటు ప్రకారం డిప్‌స్టిక్ లాగి, "ఆయిల్ పొయ్యలేదేంట్రా?" అన్నారు.