గుండె జబ్బు: నూనె ఒక్కటే దోషా?

తెలిసినవాళ్లెవరికైనా గుండెపోటు వచ్చిందంటే పలకరించడానికి వెళ్లినవాళ్లు ముందు కారణం వెతుకుతారు. ‘మాంసం బాగా తినేవాడు’, ‘కూతురి పెళ్లి టెన్షన్’, ‘జిమ్ముకి వెళ్లాడు’, ‘ఆ వ్యాక్సిన్ వల్లే’. ఏదో ఒకటి దొరికితే మనసు కుదుటపడుతుంది, అది మనకు లేదు కదా అని. నిజానికి గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులు ఒకే ఒక్క కారణంతో పూడుకుపోవడం అరుదు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం గుండెపోటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసింది. పొగాకు, రక్తంలో కొవ్వుల తేడా, బీపీ, షుగర్, బొజ్జ, మానసిక ఒత్తిడి, కదలని ఒళ్లు, పళ్లూ కూరగాయలూ చాలని తిండి వంటి తొమ్మిది అంశాలతోనే ముప్పులో 90 శాతానికి పైగా లెక్క తేలింది. దక్షిణాసియావాళ్లకు తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందనీ, మిగతా ప్రాంతాల కన్నా ఇది దాదాపు ఆరేళ్లు ముందనీ అదే అధ్యయనం చెప్పింది.

‘అది పట్నంలో డబ్బున్నవాళ్ల జబ్బు’

ఒకప్పుడు ఈ మాట చెల్లిందేమో. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో, ఏడాదిలో జరిగిన మరణాలకు కారణమేమిటని ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. మొత్తం 1,354 మరణాల్లో నూటికి 32 గుండె జబ్బులు, పక్షవాతం లాంటి రక్తప్రసరణ జబ్బుల వల్ల సంభవించినవే. అంటురోగాలు చాలా వెనకబడ్డాయి. ఇది ఇరవయ్యేళ్ల కిందటి సంగతి. ఆ తర్వాత పొలం పనిని ట్రాక్టర్లూ కోత మిషన్లూ ఇంకా ఎక్కువగా అందుకున్నాయి. ఒంటికి పని తగ్గింది.

‘నూనె మానేశాను, పచ్చసొన పారేస్తున్నాను’

గుడ్డు మీద మనవాళ్లకున్నంత అనుమానం పొగాకు మీద ఉండదు. భయమంతా పచ్చసొనలోని కొలెస్ట్రాల్ గురించే. కానీ ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి వచ్చేది కాదు, శరీరం తయారుచేసుకునేది. తిండిలో కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించొద్దన్న పాత హద్దును అమెరికా 2015-2020 ఆహార మార్గదర్శకాలు తీసేశాయి. షుగరూ గుండె జబ్బూ లేని మనిషి రోజుకో గుడ్డుకు భయపడక్కర్లేదు.

ఇక నూనె ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో ‘కొలెస్ట్రాల్ లేదు’ అని వేస్తారు. మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, అది వేరుశనగ అయినా పామాయిల్ అయినా. అదే ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే సంతృప్త కొవ్వు అంకె చూడాలి. పామాయిల్‌లో అది దాదాపు సగం. వనస్పతి లాంటివాటిలో ఉండే ట్రాన్స్‌ఫ్యాట్ ఇంకా చెడ్డది. నూనెల్లో, కొవ్వుల్లో అది 2 శాతానికి మించకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన ఉంది. కానీ బజ్జీల బండి దగ్గర ఒక నిమిషం నిలబడి మూకుడులోకి చూడండి. నూనె నల్లబడి, చిక్కబడి, పొగలు కక్కుతుంటుంది. తగ్గినప్పుడల్లా పైన కొత్తది పోస్తారు తప్ప అడుగున ఉన్నది పారబోయరు. అలా మరిగిన నూనె ఏ గింజదైనా మంచిది కాదు.

అలాగని కొలెస్ట్రాల్‌ది ఏ తప్పూ లేదని కొందరు యూట్యూబ్‌లో చెప్పేది నమ్మకండి. ధమని గోడలోకి చేరి పూడిక కట్టేది ఎల్‌డీఎల్ కొలెస్ట్రాలే. అది పుట్టుకతోనే విపరీతంగా ఉండే పిల్లలకు పసితనంలోనే గుండెపోటు రావచ్చు. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను కణాలు ఎలా తీసేస్తాయో కనిపెట్టిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది.

‘మేం శాకాహారులం’ అనే ధీమా కూడా ఇలాంటిదే. మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీ, ఉప్మా, మధ్యలో చక్కెర వేసిన కాఫీ, పండక్కి నేతి మిఠాయి. ఇందులో మాంసం లేదు, నిజమే. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరగడానికి మాంసమే అక్కర్లేదు.

‘సన్నగా ఉన్నాను, నాకేం?’

2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలు తమ ఫొటో వేసుకున్నారు. ఒకరు పుణెకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఎత్తుకూ బరువుకూ ఉండే నిష్పత్తి, అంటే బీఎంఐ, ఇద్దరికీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లండు ఆయనకు 9.1 శాతం, మనాయనకు 21.2 శాతం! మన కొవ్వు చాలావరకు పొట్ట లోపల దాక్కుంటుంది. కాబట్టి తూకం కన్నా టేపు మేలు. మనవాళ్లలో నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు చెప్పి తప్పించుకోవద్దు, బెల్టు బొజ్జ కిందికి జారి చాలా కాలమై ఉంటుంది. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో టేపు చుట్టి, ఊపిరి వదిలాక చూడాలి.

‘రోజుకు ఒక్క సిగరెట్టేగా’

రోజుకు 20 కాల్చేవారికి ఉండే అదనపు గుండె ముప్పులో దాదాపు సగం రోజుకు ఒక్కటి కాల్చేవారికీ ఉంటుందని 2018లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. తగ్గించడం చాలదు, మానాలి. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏవీ మినహాయింపు కాదు.

‘బీపీ ఉంటే తల తిరుగుతుంది, తెలిసిపోతుంది’

తెలియదు. అసలు చిక్కే అది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉంది. చాలామందికి ఏ బాధా ఉండదు. మాత్ర మొదలుపెడితే బతికినంత కాలం వేసుకోవాలన్న భయంతో కొందరు మొదలే పెట్టరు, అంకె తగ్గగానే ‘నయమైంది’ అని కొందరు ఆపేస్తారు. అంకె తగ్గింది ఆ మాత్ర వల్లే.

‘టీఎంటీ నార్మల్, నాళాలు శుభ్రం’

పూడిక అంటే పైపులో పాచి అనుకుంటాం. అది నాళం లోపలి ఖాళీలో కాదు, గోడలో పెరుగుతుంది. దారి బాగా ఇరుకైతే తప్ప, ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే టీఎంటీ పరీక్షలో దొరకదు. దారిని సగం కూడా మూయని పూడిక హఠాత్తుగా చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి గుండెపోటు తెస్తుంది. నిన్న నార్మల్ అన్న మనిషి ఇవాళ కుప్పకూలడం వెనక రహస్యం చాలాసార్లు ఇదే. స్టెంటు వేస్తే ఆ ఒక్క చోటు తెరుచుకుంటుంది, జబ్బు మిగతా నాళాల్లోనూ ఉంటుంది. వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం కాచి తాగితే పూడిక కరిగిపోతుందని వాట్సాప్‌లో తిరిగే కషాయానికి ఏ రుజువూ లేదు. దాన్ని నమ్మి మాత్రలు ఆపడమే ప్రాణాల మీదికి తెస్తుంది.

వ్యాక్సిన్ మాటకొస్తే, 18-45 ఏళ్లవారి ఆకస్మిక మరణాలపై ఐసీఎంఆర్ 2023లో ప్రచురించిన అధ్యయనంలో కోవిడ్ టీకా ముప్పు పెంచినట్టు కనబడలేదు. కుటుంబంలో అలాంటి మరణాలు ఉండటం, కోవిడ్‌తో ఆసుపత్రి పాలవడం, చనిపోవడానికి ముందు రెండు రోజుల్లో అతిగా తాగడం, విపరీతంగా శ్రమపడటం మాత్రం ముప్పు పెంచేవిగా తేలాయి.

‘ఆడవాళ్లకు గుండెపోటు రాదు’ అన్నది అన్నిటికన్నా ఖరీదైన అపోహ. నెలసరి ఆగాక ముప్పు పెరుగుతుంది. గర్భంలో బీపీ, షుగర్ వచ్చినవాళ్లకు ఇంకా ఎక్కువ. అమ్మ ఆయాసం, దవడ నొప్పి, వికారం అంటే గ్యాస్ అని సోడా ఇచ్చి పడుకోబెట్టకండి, ఈసీజీ తీయించండి.

ముప్పయ్యేళ్లు దాటినవారికి బీపీ, షుగర్ పరీక్షలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితమే. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పండి. లిపిడ్ పరీక్షతోపాటు, వంశపారంపర్యంగా వచ్చే లైపోప్రొటీన్-ఏ పరీక్ష కూడా జీవితంలో ఒక్కసారి చేయించుకోవాలేమో అడగండి.