ముందు దాని వయసు చెప్పండి

తార్నాక వైపు నుంచి ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లోకి పొద్దున్నే నడకకు వెళ్తే, మెడలో బైనాక్యులర్ వేసుకున్న పిల్లలు ఎదురవుతుంటారు. నెమలి, పాలపిట్ట, గద్ద... టకటకా చెప్పేస్తారు. చలికాలంలో ఊరవతల చెరువుకు వెళ్లొచ్చారంటే మాత్రం ఫోన్ తీసి ఒకటే ప్రశ్న: "తాతా, ఇది మామూలు గల్లా, అరుదైనదా?"

రండి, ఇలా కూర్చోండి. సీగల్ అంటామే, దాని సంగతి తేల్చడం తేలిక కాదు.

మన వైపు ఎక్కువగా వచ్చేది గోధుమతల గల్. లదాఖ్, టిబెట్‌లలోని ఎత్తైన సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి, చలి ముదిరేసరికి కిందికి దిగుతుంది. పులికాట్‌లో, కాకినాడ తీరంలో గుంపులుగా ఉంటుంది. లోపలి జలాశయాలకూ వస్తుంది. దీనికి 1840లో శాస్త్రీయ నామం పెట్టింది జెర్డాన్, మన నెల్లూరులో సర్జన్‌గా పనిచేసినాయన. దీని దగ్గరి చుట్టం నల్లతల గల్. నిజానికి గూడు కట్టే కాలంలో రెండింటి తలా చాక్లెట్ రంగే. ఇక్కడికి వచ్చేసరికి ఆ రంగు పోయి, తల తెల్లబడి, కంటి వెనక ఓ నల్లమచ్చ మిగులుతుంది. అందుకని తల చూసి లాభం లేదు.

చూడాల్సింది రెక్క కొస. గోధుమతల గల్ ఎగిరినప్పుడు కొస అంతా నల్లగా ఉండి, ఆ నలుపు మధ్యలో తెల్లటి మచ్చలు మెరుస్తాయి. నల్లతల గల్‌కు రెక్క ముందంచు వెంట తెల్లటి పట్టీ సాగుతుంది, నలుపు ఈకల చివర్లలోనే ఉంటుంది. కన్ను కూడా చూడండి. ఎదిగిన గోధుమతల గల్ కన్ను లేత రంగు, రెండోదానిది ముదురు.

"ఓస్, ఇంతేనా!" అనకండి. తొలి ఏడాది గోధుమతల గల్‌కు కన్ను ముదురుగానే ఉంటుంది, రెక్క కొసన తెల్ల మచ్చలుండవు. చిన్న గల్‌లకు పెద్దవాటి రూపు రావడానికి రెండేళ్లు, పెద్ద జాతులకు నాలుగేళ్లు పడుతుంది. ఈలోగా ఏటేటా ఈకలు మారతాయి, సగం పాతవి సగం కొత్తవి వేసుకుని తిరుగుతుంటాయి. అందుకే నేను జాతి అడగను, ముందు దాని వయసెంతో చెప్పమంటాను. మీకు వింతగా కనిపించిన గల్ చాలాసార్లు మామూలు గల్లే, ఎదిగే వయసులో ఉంటుంది, అంతే.

దానికి ఎండ కూడా తోడవుతుంది. ఈకకు నలుపునిచ్చే మెలనిన్ దాన్ని గట్టిగా కూడా ఉంచుతుంది. తెలుపులో ఆ బలం లేదు. రాపిడికి ముందు అరిగేది తెల్లటి భాగమే. కొత్త ఈకకు చివర ఉన్న సన్నటి తెల్ల అంచు మార్చి నాటికి మాయమైపోవచ్చు, గోధుమరంగు వెలిసి తెలుపులో కలిసిపోవచ్చు. పుస్తకంలో బొమ్మ కొత్త ఈకలది, మీరు చూసింది అరిగిన ఈకలది.

1931-32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. అప్పట్లో పిట్టను కొట్టి, చేతిలో పెట్టుకుని రెక్క, ముక్కు కొలిచి పేరు రాసేవారు. ఇప్పుడు మనం దాన్ని ముట్టుకోం, అదే మంచిది. కానీ నీళ్ల మధ్య ఒంటరిగా కూర్చున్న పక్షి ఎంతుందో దూరం నుంచి అంచనా తప్పుతుంది. పక్కన కొంగో బాతో ఉంటే నయం.

మొన్న ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "హబ్సిగూడలో సీసీఎంబీ పరిశోధనశాల ఉందిగా తాతా, డీఎన్ఏ చూస్తే తేలిపోదా?" మాంసం ముక్క ఏ జంతువుదో మైటోకాండ్రియా డీఎన్ఏలో చిన్న భాగం చదివి చెప్పే పద్ధతిని అక్కడి వాళ్లే 2003లో ప్రకటించారు తల్లీ, గొప్ప పని. కానీ పెద్ద గల్‌ల దగ్గర మైటోకాండ్రియా కూడా తడబడుతుంది. మన తీరాలకు వచ్చే హ్యూగ్లిన్ గల్, దాని చుట్టాలు ఈమధ్యనే విడిపోయిన కుటుంబం. భూమి లెక్కలో ఈమధ్య అంటే వేల ఏళ్లన్నమాట. పైగా కొన్ని ఒకదానితో ఒకటి జతకడతాయి. ఉత్తర ధ్రువం చుట్టూ ఇవి గొలుసులా మారుతూ వెళ్లి, యూరప్‌లో రెండు కొసలూ వేర్వేరు జాతులై కలుస్తాయని జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మేయర్ 1942లో రాశాడు. ఎన్నో ఏళ్లు పాఠాల్లో అదే చెప్పారు. 2004లో యూరప్ పరిశోధకులు డీఎన్ఏ పోల్చి చూస్తే ఆ వలయం నిలబడలేదు, కథ అంతకన్నా చిక్కైనదని తేలింది. హ్యూగ్లిన్ గల్ వేరే జాతా, ఉపజాతా అన్న వాదన పండితుల్లో ఇంకా ఉంది.

మరి మీరేం చేయాలంటారా? ముందు క్యాంపస్ పచ్చిక మీద తిరిగే కొంగల్నే ఏడాది పొడవునా చూడండి. చలికాలంలో తెల్లగా ఉన్నదానికి వానలు పడేసరికి తల, మెడ నారింజరంగు తిరుగుతాయి. ఒకే జాతి ఎన్ని రూపులు మారుస్తుందో కన్ను నేర్చుకుంటుంది. చెరువు దగ్గర గల్ కనిపిస్తే కూర్చున్నప్పుడు ఒకటి, లేచి రెక్క విప్పినప్పుడు ఒకటి ఫోటో తీయండి. ముక్కు, కాళ్ల రంగు, తేదీ అక్కడికక్కడే రాసుకోండి. మామూలు గల్ ఏ వయసులోనూ అలా ఉండదని తేలాకే అరుదైన పేరు రాయండి. అప్పటికీ తేలకపోతే "గల్, జాతి తెలియదు" అని రాసి ఫోటో దాచండి. ఎదిగిన కన్నుతో వచ్చే చలికాలం మళ్లీ చూడొచ్చు.