తన నేలను తానే తవ్వి కట్టుకున్న నగరం

ఇటలీ దక్షిణాన, సముద్రం ఒడ్డున నేపుల్స్ ఉంది. అక్కడివాళ్లు నాపోలి అంటారు. సుమారు 117 చదరపు కిలోమీటర్ల నగరంలో దాదాపు 9 లక్షల మంది ఉంటారు. ఇంత జనం ఇంత ఇరుకులో ఎలా ఇమిడారో తెలియాలంటే, ముందు ఆ ఊరి రాయి గురించి తెలుసుకోవాలి.

ఆ రాయి పేరు టఫ్ (అగ్నిపర్వతం చిమ్మిన బూడిద గట్టిపడి ఏర్పడినది). నగరానికి పడమర కాంపి ఫ్లెగ్రేయి అనే అగ్నిపర్వత ప్రాంతం ఉంది. సుమారు 15 వేల ఏళ్ల కిందట అది బద్దలైనప్పుడు ఈ పసుపు రాయి పరుచుకుంది. మెత్తన, తేలిక. చేతి పనిముట్లతోనే కోయొచ్చు. అయినా గోడ కడితే తరాల పాటు నిలుస్తుంది. గ్రీకులు ఇక్కడ నెయాపోలిస్ (కొత్త ఊరు) కట్టిన నాటి నుంచీ ఇళ్లకు ఇదే రాయి.

16వ శతాబ్దంలో ఊరు స్పెయిన్ ఏలుబడిలో ఉంది. పల్లెల నుంచి జనం వచ్చిపడుతున్నారు. రాజప్రతినిధులేమో కోటగోడ బయట కొత్త ఇళ్లు కట్టొద్దన్నారు. పక్కకు పెరిగే దారి మూసుకుపోయింది. ఊరు పైకి పెరిగింది, అంతస్తు మీద అంతస్తుగా. రాయి ఎక్కడిది? కాళ్ల కిందదే. పైన ఇల్లు లేస్తుంటే కింద గుహ ఏర్పడేది. ఆ గుహే నీళ్ల తొట్టి అయ్యేది, ఇంటి బావి అందులోకి దిగేది. తొట్లు శుభ్రం చేసే మనుషులు బావి గోడలో చెక్కిన గుంటల్లో కాళ్లు పెట్టి ఎక్కి దిగేవారు. ఆ గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. నాకు ఈ నగర చరిత్రలో అన్నిటికన్నా ఆ కాలి గుంటలే ఎక్కువ చెబుతాయనిపిస్తుంది.

1884లో కలరా వేల మందిని బలిగొంది. మరుసటి ఏడాది సెరీనో ఊటల నుంచి గొట్టాల్లో మంచినీళ్లు వచ్చాయి. తొట్లు ఎండిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడినప్పుడు జనం ఆ గుహల్లోనే తలదాచుకున్నారు.

పైన ఇరుకు మాత్రం తగ్గలేదు. పాత పేటల్లో బస్సి (వీధి మట్టానే ఉండే ఒంటిగది ఇళ్లు) ఇంకా ఉన్నాయి. తలుపు తీస్తే మంచం, పొయ్యి, ఆ వెంటనే సందు. పై అంతస్తుల వాళ్లు తాడు కట్టిన బుట్టను కిందికి వదిలి సరుకులు తెచ్చుకుంటారు.

ఇప్పుడు ఈ నగరం వార్తల్లోకి రావడానికి కారణం కూడా ఆ రాయిని పుట్టించిన చోటే. కాంపి ఫ్లెగ్రేయిలో నేల మెల్లగా లేస్తూ, కుంగుతూ ఉంటుంది. దీన్ని బ్రాడిసీజం అంటారు. లోపలి వాయువులు, వేడి నీళ్లు, శిలాద్రవం ఒత్తిడి పెంచితే పైపొర ఉబ్బుతుంది, పగుళ్లు జారి భూకంపాలు వస్తాయి. 2005 నుంచి పక్కనున్న పొజ్జువోలిలో నేల మీటరుకు పైగా లేచింది. 2024 మే నెలలో 4.4 తీవ్రతతో భూమి కంపించింది.

ప్రమాద వలయంలో సుమారు 5 లక్షల మంది ఉన్నారు. నేపుల్స్ పడమటి పేటలూ అందులోవే. విస్ఫోటం తప్పదనిపిస్తే 72 గంటల్లో అందరినీ తరలించాలన్నది ప్రణాళిక. అందులో మొదటి 12 గంటలు సిద్ధపడటానికే. తర్వాతి 48 గంటల్లో ఇన్ని లక్షల మంది ఇరుకు సందులు దాటి పెద్ద రోడ్డెక్కాలి. అది ఎంత కష్టమో పొజ్జువోలి వాళ్లకు తెలుసు. 1983-84లో భూకంపాలు ఆగకపోవడంతో వేల కుటుంబాలు ఇళ్లు వదిలి, కొత్తగా కట్టిన మోంతెరుషెల్లోకు వెళ్లాయి.

పొజ్జువోలి పాత రేవులో ఇప్పుడు సముద్రం వెనక్కి తగ్గినట్టుంటుంది. నిజానికి నేలే పైకి వచ్చింది. పాటు వేళల్లో జాలర్ల పడవలు బురద మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటాయి.