గోడ మీద లేత నీలం కాగితం, చేతిలో 28 రోజులు

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఒక నాటకశాల గోడకు లేత నీలం రంగు కాగితం అంటించి ఉంటే ఆగి చదవండి. బార్ వేళలు మార్చుకోవాలనో, మద్యం అమ్మకం షరతులు సడలించాలనో ఆ థియేటర్ స్థానిక కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టిందని దాని అర్థం. ఆ కాగితం ఎలా ఉండాలో కూడా చట్టమే చెప్పింది. ఏ4 సైజుకు తగ్గకూడదు. అక్షరం 16 పాయింట్లకు తగ్గకూడదు. దారిన పోయేవాళ్లు నిలబడి చదువుకునే ఎత్తులో, చోటులో ఉండాలి. స్థలం పెద్దదైతే రోడ్డు వైపు 50 మీటర్లకొకటి చొప్పున అంటించాలి. దరఖాస్తు పెట్టిన 10 పనిదినాల్లో స్థానిక పత్రికలో ప్రకటన కూడా ఇవ్వాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, దరఖాస్తు అందిన మర్నాటి నుంచి 28 రోజుల పాటు ఆ లైసెన్స్ గురించి ఎవరైనా కౌన్సిల్‌కు రాయవచ్చు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అమలవుతున్న 2003 నాటి లైసెన్సింగ్ చట్టంలో ఎన్నో అంకెలున్నాయి. సామాన్యుడికి అన్నిటికంటే విలువైనది ఈ 28. ఎందుకో చెప్పాలంటే ముందు థియేటర్ ఏమడుగుతుందో చూడాలి.

నాటకశాల బార్‌కు మామూలుగా ఉండే షరతు ఒకటే: టికెట్ కొన్నవాళ్లకే మద్యం, అదీ ప్రదర్శనకు కొంచెం ముందు, ఇంటర్వెల్‌లో, తర్వాత కొద్దిసేపు. నాటకం ప్రధానం, బార్ దానికి తోడు. ఈ గీత పాతది. 1843లో వచ్చిన థియేటర్ల చట్టం తర్వాత నాటకం ఆడే హాళ్లు ఒక దారిన, కూర్చున్నచోటే తాగుతూ పాటలు వినే మ్యూజిక్ హాళ్లు మరో దారిన విడిపోయాయి. నాటకం వేసేచోట ప్రేక్షకుల మధ్య గ్లాసులు తిరగకూడదు, గ్లాసులు తిరిగేచోట నాటకం వేయకూడదు.

ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది. లండన్ వెస్ట్ ఎండ్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌నే తీసుకోండి. ఆ స్థలంలో 1663 నుంచి నాటకాలు ఆడుతున్నారు. సుమారు 6 కోట్ల పౌండ్లు పెట్టి మరమ్మతులు చేసి, 2021లో తలుపులు తెరిచారు. టికెట్ లేనివాళ్లు కూడా పగలంతా వచ్చి కూర్చునేలా కేఫ్, బార్లు పెట్టారు. రాత్రి రెండున్నర గంటల కోసం రోజంతా ఖాళీగా ఉండే అంత పెద్ద భవనాన్ని పోషించడం కష్టం. కొవిడ్ నెలల తరబడి హాళ్లను మూయించాక ఆ కష్టం ఇంకా పెరిగింది. థియేటర్లు అడగడంలో న్యాయం ఉంది. నాటకశాలలు బతకాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇంటర్వెల్ లెక్క చూస్తే వాళ్ల ఇబ్బంది ఇంకా బాగా తెలుస్తుంది. ఉదాహరణకు 1,000 సీట్ల హాలు, 20 నిమిషాల ఇంటర్వెల్, సగం మందికి దాహం అనుకుందాం. బార్లన్నిట్లో కలిపి 12 మంది పనిచేస్తున్నారు. ఒక్కొక్కరికి ఇచ్చి డబ్బు తీసుకోవడానికి 40 సెకన్లు పడుతుంది. అంటే ఒక్కో ఉద్యోగి 30 మందికి, అందరూ కలిసి 360 మందికి ఇవ్వగలరు. మిగిలిన 140 మంది క్యూలో నిలబడి గంట మోగాక ఉత్త చేతులతో వెనక్కి వెళ్లాలి. సీట్ల నుంచి బార్ దాకా నడిచే సమయం ఈ లెక్కలో వేయనే లేదు. అందుకే థియేటర్లు మూడు దారులు వెతుకుతాయి: ముందే ఆర్డర్ తీసుకోవడం, తలుపులు పెందలాడే తెరవడం, గ్లాసు పట్టుకుని హాల్లోకి వెళ్లనివ్వడం. మూడో దారి పట్టినచోట గాజు గ్లాసు బదులు ప్లాస్టిక్ కప్పు వాడాలన్న షరతు తరచుగా వచ్చిపడుతుంది.

వీధి వైపు నుంచి చూస్తే లెక్క వేరు. అమ్మకం రాత్రి 11కు ఆగేది 12కు మారిందనుకోండి. రోజుకు ఒక గంటే. వారానికి 6 రాత్రులు, ఏడాదికి 52 వారాలు. మొత్తం 312 గంటలు. పైగా అమ్మకం ఆగే సమయం వేరు, తలుపులు మూసే సమయం వేరు. తాగడం ముగించి బయటపడటానికి ఇంకో అరగంట ఉంటే, టాక్సీల హారన్లు, వీడ్కోలు కేకలు పన్నెండున్నర దాటాకే తగ్గుతాయి. పై అంతస్తులో చంటిబిడ్డను నిద్రపుచ్చే తల్లికి ఆ 312 గంటలు చిన్న లెక్క కాదు.

లోపలి ఉద్యోగుల మాట కూడా వినాలి. 2023 ఏప్రిల్‌లో మాంచెస్టర్ ప్యాలెస్ థియేటర్‌లో 'ది బాడీగార్డ్' సంగీత నాటకం జరుగుతుండగా కొందరు ప్రేక్షకులు గట్టిగా పాడటం ఆపలేదు. గొడవ ముదిరింది. పోలీసులు రావలసి వచ్చింది, ప్రదర్శన పూర్తికాకుండానే ఆగిపోయింది. ఆ ఏడాది థియేటర్ ఉద్యోగుల సంఘం బెక్టు చేసిన సర్వేలో పాల్గొన్నవారిలో సుమారు 90 శాతం మంది ప్రేక్షకుల దుష్ప్రవర్తనను చూశామనో అనుభవించామనో చెప్పారు. అన్నిటికీ మద్యమే కారణమని అనలేం. అయితే బార్ వేళలు పెంచమనే ప్రతి దరఖాస్తు భారం టార్చిలైటు పట్టుకుని వరుసల మధ్య నిలబడే ఆ ఉద్యోగుల మీదే పడుతుంది. దరఖాస్తులో సిబ్బంది సంఖ్య గురించి ఏం రాశారన్నది నేనైతే ముందు చూస్తాను.

ఇక కౌన్సిల్ ఏం చేస్తుంది? అభ్యంతరాన్ని నాలుగు కొలబద్దలతోనే కొలుస్తుంది: నేరాలు, అల్లర్లు జరగకుండా చూడటం, ప్రజల భద్రత, చుట్టుపక్కల వాళ్లకు ఇబ్బంది లేకుండా చూడటం, పిల్లలకు హాని కలగకుండా చూడటం. స్కాట్లండ్‌లో చట్టం వేరు. అక్కడ ప్రజారోగ్యం ఐదో కొలబద్ద. మద్యం పాపమనో, ఊళ్లో ఇంకో బార్ అక్కర్లేదనో, కొత్త బార్ వస్తే నా వ్యాపారం పోతుందనో రాస్తే ఇంగ్లండ్ కౌన్సిల్ పక్కన పెడుతుంది. పోలీసు, అగ్నిమాపక, పర్యావరణ ఆరోగ్య శాఖల వంటివి ఎలాగూ చూస్తాయి. 2012 ఏప్రిల్ దాకా అభ్యంతరం చెప్పాలంటే దగ్గర్లో నివసించాలి లేదా వ్యాపారం చేస్తుండాలి అన్న నియమం ఉండేది, దాన్ని ఎత్తేశారు.

28 రోజుల్లో ఎవ్వరూ ఏమీ రాయకపోతే? కౌన్సిల్ అడిగింది అడిగినట్టు ఇచ్చేయాలి. తనకు ఇష్టం లేకపోయినా సరే, చట్టం దానికి వేరే దారి మిగల్చలేదు. ఒక్క సరైన ఉత్తరం వచ్చినా పరిస్థితి మారిపోతుంది. రాజీ కుదరకపోతే గడువు ముగిసిన 20 పనిదినాల్లో విచారణ మొదలుపెట్టాలి. ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని రెండు పక్షాలనూ వింటారు. అడిగింది ఇవ్వవచ్చు, షరతులు మార్చి ఇవ్వవచ్చు, నిరాకరించవచ్చు. తీర్పు నచ్చనివాళ్లు, థియేటరైనా ఉత్తరం రాసినవాళ్లైనా, 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. చాలా దరఖాస్తులు విచారణ దాకా పోవు. 11.30కు అమ్మకం ఆపుతాం, వెనక గేటు వాడం, వారాంతాల్లో ఇద్దరు గార్డులను పెంచుతాం అంటూ థియేటర్ ముందే ఒప్పుకుంటుంది. గంట అడిగి అరగంటతో సరిపెట్టుకోవడం అక్కడ మామూలే.

వేళల విషయంలో కౌన్సిల్ విధానం కూడా పనిచేస్తుంది. వెస్ట్ ఎండ్ ఉన్న వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ తన 2021 విధానంలో సినిమా హాళ్లకు, సాంస్కృతిక వేదికలకు ఉదయం 9 నుంచి అర్ధరాత్రి 12 వరకు సాధారణ వేళలని రాసుకుంది. పబ్బులకు, బార్లకు సోమవారం నుంచి గురువారం దాకా ఉదయం 10 నుంచి రాత్రి 11.30 వరకే. రాత్రివేళ కళకు అరగంట ఎక్కువ గౌరవం ఇచ్చారు, అది నాకు నచ్చింది.

రుసుములోనూ ఆ తేడా ఉంది. దరఖాస్తు రుసుము భవనం పన్ను విలువను బట్టి ఐదు శ్రేణులుగా ఉంటుంది: 100, 190, 315, 450, 635 పౌండ్లు. పన్ను విలువ 1,25,000 పౌండ్లు దాటిన పెద్ద థియేటర్ 635 పౌండ్లు కడుతుంది. పౌండుకు 115 రూపాయల లెక్కన అది 73 వేలు. అదే విలువైన భవనంలో మద్యమే ప్రధాన వ్యాపారమైతే రుసుము మూడింతలు, 1,905 పౌండ్లు. ఇవి 2005లో నిర్ణయించిన రేట్లు. ఇక మార్పు మరీ చిన్నదైతే, అంటే కౌంటర్ జరపడం, పనికిరాని పాత షరతు తీసేయడం లాంటిదైతే, 89 పౌండ్ల దారి ఒకటుంది. ఆ నోటీసు తెల్ల కాగితం. అభిప్రాయం చెప్పడానికి 10 పనిదినాలే. మద్యం అమ్మే మొత్తం సమయం పెంచడానికి, రాత్రి 11 నుంచి ఉదయం 7 మధ్య అమ్మకం కలపడానికి ఈ చిన్న దారి పనికిరాదు.

షరతులు ఎంత బరువైనవో బ్రిక్స్‌టన్ అకాడమీ కథ చెబుతుంది. దక్షిణ లండన్‌లో 1929లో సినిమా థియేటర్‌గా కట్టిన ఆ భవనంలో ఇప్పుడు సంగీత కచేరీలు జరుగుతాయి. దాదాపు 4,900 మంది పడతారు. 2022 డిసెంబర్ 15 రాత్రి గేటు దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు, మరొకరు తీవ్రంగా గాయపడ్డారు. లైసెన్స్‌ను సస్పెండ్ చేశారు. పోలీసులు ఏకంగా రద్దు చేయమన్నారు. హాలు మూతపడకూడదంటూ లక్షమందికి పైగా సంతకాలు చేశారు. 2023 సెప్టెంబర్‌లో విచారణ జరిపిన లాంబెత్ కౌన్సిల్ రద్దు చేయలేదు, 77 షరతులు పెట్టి తెరవనిచ్చింది. బలమైన తలుపులు, జనాన్ని అదుపు చేసే కొత్త పద్ధతి, కొత్త భద్రతా ఏర్పాట్లు పూర్తయ్యాకే 2024 ఏప్రిల్‌లో మళ్లీ కచేరీ జరిగింది. మద్యానికి, ఆటపాటలకు, జనం భద్రతకు అక్కడ ఒకటే లైసెన్స్. అందుకే బార్ వేళ మార్చమని అడిగినప్పుడు గేటు దగ్గర ఎంతమంది నిలబడతారనే ప్రశ్న వస్తుంది. అది రావాలి కూడా.

ఈ అంకెలు బ్రిటన్‌లో చదువుకునే మన పిల్లలకూ తగులుతాయి. సాయంత్రం బార్ కౌంటర్ వెనక పనిచేసే విద్యార్థుల్లో తెలుగువాళ్లు ఉన్నారు. కొనేవాడు 25 ఏళ్లకు తక్కువగా కనిపిస్తే గుర్తింపు కార్డు అడగాలన్నది చాలా లైసెన్సుల్లో ఉండే షరతు. చట్టప్రకారం వయసు 18. ఆ లోపు వారికి అమ్మితే అమ్మిన ఉద్యోగి మీదే కేసు పెట్టవచ్చు, జరిమానాకు గరిష్ఠ పరిమితి లేదు. స్టూడెంట్ వీసా మీద డిగ్రీ, పీజీ చదివేవాళ్లు తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. 2017 నుంచి మద్యం లైసెన్సుల మీద అభ్యంతరం చెప్పే అధికారం వలస వ్యవహారాలు చూసే హోం శాఖకు కూడా వచ్చింది. ఇంకో నాలుగు గంటలు చేయమని మేనేజర్ అడిగితే, ఆ నాలుగు గంటలు విద్యార్థి వీసాకూ ముప్పే, ఆ హాలు లైసెన్సుకూ ముప్పే.

మన దగ్గర నాటకశాలలో బార్ ఉండదు కాబట్టి నేరుగా పోల్చలేం. కానీ మద్యం లైసెన్స్ అనగానే మనకు గుర్తొచ్చే అంకెలు వేరు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 దుకాణాలకు 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షలు, తిరిగి ఇవ్వని డబ్బు. ఆ రుసుముతోనే దాదాపు 1,798 కోట్లు ఖజానాకు చేరాయి. 2025లో తెలంగాణలో 2,620 దుకాణాలకు దరఖాస్తు ఒక్కింటికి 3 లక్షల చొప్పున 2,850 కోట్లకు పైగా వచ్చాయి. ఎవరికి దక్కాలో లాటరీ తేలుస్తుంది. ఆ లాటరీలో పక్కింటివాళ్ల మాటకు చోటు లేదు. గుడికి, బడికి ఇన్ని మీటర్ల దూరం అనే కొలత ఉంది, మంచిదే. అయితే ఆ వీధిలో కాపురం ఉండే మనిషి, షాపు తెరవకముందే చెప్పుకునే గడువు కూడా ఉండాలి. 28 రోజులు ఇస్తే ప్రభుత్వానికి పోయేదేమీ లేదు.

బ్రిటన్‌లో ఉంటున్నవాళ్లకు ఒక మాట. నీలం కాగితం కనిపిస్తే ఫోటో తీసుకుని గడువు తేదీ చూసుకోండి. మీ ఉత్తరం, మీ పేరు థియేటర్‌వాళ్లకు చేరతాయని గుర్తుంచుకుని మర్యాదగా, కచ్చితంగా రాయండి. వారంలో ఏ రాత్రులు, ఎన్ని గంటలకు, మీ కిటికీ కింద ఏం జరుగుతోందో రాస్తే విలువ ఎక్కువ. థియేటర్‌కు మద్దతుగా రాయాలనిపిస్తే అలాగే రాయండి, దాన్నీ లెక్కలోకి తీసుకుంటారు. 28 రోజులు దాటాక అందిన ఉత్తరాన్ని ఆ దరఖాస్తు విషయంలో చూడరు. లైసెన్స్ ఇచ్చేశాక నిజంగా ఇబ్బంది మొదలైతే, దాన్ని మళ్లీ పరిశీలించమని ఎవరైనా ఎప్పుడైనా కౌన్సిల్‌ను అడగవచ్చు. దానికి రుసుము లేదు.